అందరికీ కనిపించే పాలపిట్ట

మా ఆయన నిమ్మళంగా మారినప్పటి నుంచి నాకు నిమ్మళం లేకుండా పోయింది.

పంతొమ్మిదేళ్లుగా నేను ఎరిగిన మనిషి వేరు. నిజామాబాద్ నుంచి బోధన్‌కు, బోధన్ నుంచి నిజామాబాద్‌కు ఏడుగురు కూర్చునే ఆటో నడిపేవాడు. పొద్దు పొడవక ముందే బండి తీస్తే మళ్లీ చీకటి పడ్డాక ఎప్పుడో ఇల్లు చేరేవాడు. అన్నం నిలబడే తినేవాడు. మా అమ్మాయి మొదటి పుట్టినరోజు నాడు కేకు కోస్తుంటే కూడా గల్లీలో బండి ఇంజను ఆపలేదు. ఆనాటి ఫొటోలో ఆయన కాలు ఒకటి గడప లోపల, ఒకటి గడప బయట ఉంటుంది. అలాంటి మనిషి, ఆ ఏడు వినాయక చవితి వెళ్లిన వారానికి, ఎండ ఇంకా గోడ మీద ఉండగానే ఇంటికొచ్చాడు. కాళ్లు కడుక్కుని వాకిట్లో కుర్చీ వేసుకున్నాడు.

"గాలి ఎంత మంచిగున్నదే," అన్నాడు.

నేను బీడీలు చుడుతున్నాను. చెయ్యి ఆగిపోయింది. గాలి గురించి ఆయన మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

"ఏమైంది?" అన్నాను.

"ఏం లేదు. ఎన్నొద్దులని ఉరుకుతం? జర నిమ్మళంగ ఉందామనుకుంటున్న."

నా సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను, లేకపోతే తర్వాత నన్ను తిట్టుకుంటారు. నాకు అనుమానం ఎక్కువ. పాలు కాచే ముందు వేలు ముంచి చూస్తాను. బీడీల కార్ఖానాలో తునికాకు కట్ట విప్పి, లోపలి ఆకు చూడనిదే తీసుకోను. నేను వరుసలో నిలబడితే తూకం వేసే మనిషి ముందే తల పట్టుకుంటాడు. ఎవరైనా ఊరికే పలకరిస్తే, మనసులో ఏం పెట్టుకుని పలకరించారా అని ఇల్లు చేరేదాకా ఆలోచిస్తాను. ఇది మంచి గుణమని నేననను. కానీ దాని వల్ల నేను మోసపోయింది తక్కువ.

పక్కింటి అక్క, నేను రోజూ ఒకే వాకిట్లో కూర్చుని బీడీలు చుడతాం. చాట ఒళ్లో పెట్టుకుంటే మా ఇద్దరికీ లోకంలో తెలియని సంగతి ఉండదు. గాలి సంగతి చెప్పాను.

"మొగోడు ఊకనే మంచోడైతడా చెల్లే," అంది అక్క, దారం పంటితో తెంపుతూ. "ఏదో చేసిండన్నా ఉండాలె, చెయ్యబోతున్నడన్నా ఉండాలె."

నేననుకున్నదే అక్క అన్నది. అందుకే ఆ మాట మీద నాకు మరింత నమ్మకం కుదిరింది.

ఆ ఆదివారం పొద్దున, "పోదాం పాండ్రి, మంజీర కాడికి," అన్నాడు. ఇంటర్ చదివే మా అమ్మాయి ఎగిరి గంతేసింది. ఆదివారం బోధన్ రోడ్డు మీద గిరాకీ ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఆ గిరాకీ వదిలి నదిని చూడటానికి వెళ్లే మనిషి ఈయన కాదు. అయినా పులిహోర కలిపాను. సగం కత్తిరించిన ఆకు ఇంట్లో వదలబుద్ధి కాక చాట, తంబాకు, దారం ఉండ సంచిలో వేసుకుని ఆటో ఎక్కాను.

బండి ఎంత మెల్లగా నడిపాడంటే, వెనక లారీవాడు హారన్ మీద నుంచి చెయ్యి తియ్యలేదు. సైకిల్ మీద పాలక్యాన్లు పెట్టుకుని పోతున్న ఒకాయన మమ్మల్ని దాటేసి, ఆశ్చర్యంగా వెనక్కి తిరిగి చూశాడు. రోడ్డుకు రెండు పక్కలా చెరుకు మనిషెత్తు దాటి ఉంది. వానలు వెనకబట్టి ఆకాశం కడిగినట్టుంది. సోయా కోసిన చేలల్లో కుప్పలు పడి ఉన్నాయి. గట్ల మీద తంగేడు పచ్చగా విరగబూసింది. ఈ దారిలో నేను ఎన్నిసార్లు పోయానో లెక్క లేదు గానీ, ఇవన్నీ కళ్లకు ఆనేంత మెల్లగా ఎప్పుడూ పోలేదు.

నది ఇంకా చాలా దూరం ఉండగానే బండి ఆపేశాడు. "నడుద్దాం," అన్నాడు. నది దాకా బండి పోయే దారి ఉంది గదా అంటే, "నడిస్తే మంచిదే," అన్నాడు. ఒడ్డున రెల్లు తెల్లగా పూసి ఊగుతోంది. నేను ఆయన పక్కన కూర్చోబోతే లేచి పోయి నాకు ఎదురుగా కూర్చున్నాడు. పంతొమ్మిదేళ్ల పెళ్లాం పక్కన కూర్చోవడానికి ఏం రోగం అనుకున్నాను. తర్వాత గమనిస్తే నన్నే చూస్తున్నాడు. నా ముఖంలో ఏదో కనిపెడదామని చూస్తున్నాడేమో, నాకు ఎంత తెలిసిందో లెక్క కడుతున్నాడేమో అనిపించి ముఖం తిప్పుకున్నాను.

"అవతలి ఒడ్డున ఏమేమున్నయో చెప్పు బిడ్డా," అన్నాడు అమ్మాయితో.

ఆట అనుకుని అది మొదలుపెట్టింది. నాలుగు బర్రెలు, బట్టలుతికే ఆడవాళ్లు, ఒక తెల్ల కొంగ, ఎర్ర గుడ్డ కట్టిన కర్ర.

"ఇంకా?"

ఒక మోటారు సైకిలు, దాని మీద ఇద్దరు.

"ఇంకా?"

అవతలి ఒడ్డు మహారాష్ట్ర. ఈయన అక్కడ దేని కోసం, ఎవరి కోసం వెతుకుతున్నాడో నాకు అంతు చిక్కలేదు. ఒక జాగా కొనబోతున్నాడా? లేక ఒక మనిషి ఉందా? నేను చాట ఒళ్లో పెట్టుకుని అవతలి ఒడ్డునే చూస్తూ బీడీలు చుట్టాను. ఆ బట్టలుతికే ఆడవాళ్లలో ఒక్కరు కూడా మా వైపు తలెత్తలేదు. అది కూడా నాకు అనుమానంగానే అనిపించింది.

ఆయన నా చేతుల వైపు చూసి, "నువ్వు చూడకుంటనే చుడ్తవు గదా," అన్నాడు.

"ఇన్నేండ్లకు ఇయ్యాల తెలిసిందా?"

"ఎట్ల తెలుస్తది నీకు, ఆకు ఏడికి మలవాలెనో?"

"వేళ్లకు తెలుస్తది."

ఆయన చాటలోంచి ఒక ఆకు తీసుకుని, కళ్లు మూసుకుని, దాని ఈనె వెంట బొటనవేలితో నెమ్మదిగా తడిమాడు. బీడీ ఆకు ముట్టని మనిషి. నేను ఆ ఆకు ఆయన చేతిలోంచి లాక్కున్నాను, చిరిగితే మళ్లీ కార్ఖానాలో నేను మాట పడాలని.

ఆ తర్వాత ప్రతి ఆదివారం ఎక్కడికో ఒక చోటికి పోయాం. నిజం చెప్పాలంటే నాకు బాగుండేది. చెరువు కట్ట మీద సద్ది విప్పుకుని, పొద్దు వంగేదాకా ఏమీ చెయ్యకుండా కూర్చోవడం మొదట్లో నేరం చేసినట్టుండేది. మూడో వారానికి నా వేళ్లు తమంతట తామే ఆగడం నేర్చుకున్నాయి. ఒక ఆదివారం చాట ఇంట్లో మరిచిపోయాను. మరిచిపోయిన సంగతి సాయంత్రం దాకా గుర్తు కూడా రాలేదు. అమ్మాయి ఫోను పక్కన పడేసి తండ్రికి పిట్టల పేర్లు, పూల రంగులు చెప్పడం మొదలుపెట్టింది. పొలం గట్ల మీద నడిచేటప్పుడు ఆయన నా మణికట్టు పట్టుకునేవాడు. పెళ్లయిన కొత్తలో కూడా పట్టుకోని చెయ్యి. ఒళ్లు జల్లుమనేది. వెంటనే, తప్పు చేసినవాడే ఇలా పట్టుకుంటాడని కూడా అనిపించేది. రెండూ ఒకేసారి అనిపించేవి. ఏది నిజమో తేల్చుకోలేక నా మీద నాకే కోపం వచ్చేది.

ఎందుకంటే ఇంటి దగ్గర వేరే లెక్కలు నడుస్తున్నాయి. ఎడమ వైపు పెట్టిన నీళ్ల గ్లాసు మోచెయ్యి తగిలి పడిపోవడం వారంలో మూడుసార్లు జరిగింది. తాగొచ్చాడనుకుని దగ్గరికి పోయి వాసన చూశాను. ఏమీ లేదు. మా తోటికోడలు బజారులో ఎదురైతే పలకరించకుండా పోయాడట. ఫోన్ చేసి, "మీ ఆయనకు ఇప్పుడు మేం కనపడ్తలేమా," అని దెప్పింది. అడిగితే, "చూడలే వదినను," అన్నాడు. బజారు మధ్యలో అంత మనిషిని చూడలేదంటే ఎవరు నమ్ముతారు? చొక్కా జేబులు వెతికాను. ఫోను చూశాను. అందులో మా అమ్మాయి పంపిన పూల ఫొటోలు తప్ప ఏమీ లేవు. ఏమీ దొరక్కపోతే నా అనుమానం తగ్గాలి. కానీ ఇంత శుభ్రంగా ఉన్నాడంటే ఎంత జాగ్రత్తగా ఉన్నాడో అనిపించింది.

అంతలో అక్క ఒక కబురు తెచ్చింది. అక్క తమ్ముడు బోధన్ బస్టాండు దగ్గర మా ఆయన్ని చూశాడట. బండి చెట్టు కింద పెట్టి, ఊరికే కూర్చున్నాడట. ఎక్కడానికి వచ్చిన నలుగురిని తన చేత్తో పక్క ఆటోకు పంపించాడట.

"వచ్చిన గిరాకిని పక్కోనికి ఇచ్చేటోడిని నేను చూడలే చెల్లే," అంది అక్క.

నేనూ చూడలేదు. ఆ సాయంత్రం అడిగితే, "నడుం నొచ్చింది," అన్నాడు. నడుం నొచ్చిన మనిషి మొన్ననే రెండు మైళ్లు గట్ల మీద నడిచాడు.

బతుకమ్మ పండుగలో ఆఖరి రోజైన సద్దులకు ముందు, పూలు కోసుకొద్దామని చెరుకు తోటల వైపు పోయాం. గట్ల మీద తంగేడు, గునుగు ఎంత కావాలంటే అంత. "ఏడున్నదో నువ్వు చూపియ్యి బిడ్డా, నేను తెంపుత," అన్నాడు అమ్మాయితో. అది చూపించింది, ఆయన తెంపాడు, చేతి నిండా ముళ్లు గీరుకున్నాయి. సంచి నిండాక తిరిగి వస్తున్నాం. ఎడమ పక్క సోయా చేను గట్టున ఒక మేక నిలబడి ఉంది. తాడు వేలాడుతోంది. దాన్ని నేను చాలా దూరం నుంచే చూశాను. అమ్మాయీ చూసింది. మేక రోడ్డెక్కింది. ఆయన బండి మెల్లగా, తిన్నగా, దాని మీదికే పోనిస్తున్నాడు.

అమ్మాయి కేక పెట్టింది. నేను ఆయన భుజం పట్టి గుంజాను. బండి ఆగేసరికి మేక ముందు చక్రానికి జానెడు దూరంలో ఉంది. దాని వెనక పరుగెత్తుకొచ్చిన ముసలమ్మ మా ఏడు తరాలను తిట్టింది. ఆయన కిందికి దిగలేదు. హ్యాండిల్ వదల్లేదు.

"ఏడికెల్లి వచ్చిందో," అన్నాడు మెల్లగా. "ఉన్నట్టుండి వచ్చింది."

ఉన్నట్టుండి రాలేదు. అన్ని రోజులూ ఈయన ఏదో చేశాడని అనుమానించాను. ఈయనకు ఏదో అయిందన్న అనుమానం మాత్రం ఎందుకో రాలేదు. మనిషిని నమ్మకపోవడం నాకు తెలుసు. మనిషి కోసం భయపడటం అలవాటు లేదు.

అడగొచ్చు గదా అంటారు. నేను అడిగితే ఈయన అబద్ధం చెప్పాడు, నడుం నొప్పి అన్నాడు. మళ్లీ అడిగితే మళ్లీ చెప్తాడు. పండుగ కదా అని మర్నాటి నుంచి బండి బయటికి తియ్యలేదు కాబట్టి నాకు దసరా దాకా గడువు దొరికింది. పండుగయ్యాక ఆ బండిలో మళ్లీ ఏడుగురు ఎక్కుతారు. అంతకు ముందే నాకు నిజం తెలియాలి. అది ఎలా తెలుసుకోవాలో నాకు బాగా తెలుసు, ఎందుకంటే ఆ విద్యలో నేను పాత మనిషిని.

దసరా నాడు సాయంత్రం కొత్త బట్టలు కట్టుకుని ఊరి బయటికి పోతాం. జమ్మికి మొక్కి, ఆకు తెంపుకుని, పాలపిట్టను చూసి వస్తాం. ఆ రోజు పాలపిట్టను చూస్తే ఏడంతా మంచి జరుగుతుందని నమ్మకం. చూడకపోతే ఏమవుతుందో ఎవరూ చెప్పరు, ఎందుకంటే చూడలేదని చెప్పిన మనిషిని నేనింతవరకు ఎరగను. పొలం ఒడ్డున వందమంది నిలబడతారు. ఎవరో ఒకరు కరెంటు తీగ వైపు వేలు పెట్టి "అగో" అంటారు. అంతే, అందరికీ కనిపిస్తుంది. అందరూ మొక్కుతారు. తిరిగి వస్తుంటే దారిలో ఎదురైన ప్రతివాళ్లూ "పాలపిట్ట కనపడ్డదా?" అని అడుగుతారు, ప్రతివాళ్లూ "కనపడ్డది" అంటారు.

నేను పెళ్లయిన మొదటి ఏడు, అత్తగారి ఊళ్లో, బోధన్ అవతల, అలాగే నిలబడ్డాను. అందరూ వేలు చూపించారు. నాకు తీగ కనిపించింది, ఆకాశం కనిపించింది, పిట్ట కనిపించలేదు. కొత్త కోడలు వచ్చిన ఏడే పిట్ట కనిపించలేదంటే ఇంటిల్లిపాదీ ఏమనుకుంటారు? పక్కవాళ్ల తలలు ఎటు తిరిగాయో చూసి నేనూ అటే తిరిగి, ఒక క్షణం ఆలస్యంగా, "ఆ, కనపడ్డది," అని మొక్కాను. అప్పటి నుంచి పంతొమ్మిది దసరాలు అలాగే గడిచాయి. నేను పాలపిట్టను చూడనే లేదు. కాబట్టి చూడని మనిషి ఎలా చూస్తాడో నాకు తెలుసు. తల ముందు తిరుగుతుంది, మాట ఆ తర్వాత వస్తుంది, పిట్ట ఎలా ఉందో మాత్రం ఎవరూ చెప్పరు.

దసరా నాడు అత్తగారి ఊరికి బస్సులో పోదామన్నాను. పండుగ బస్సుల్లో నిలబడటానికి కూడా చోటుండదన్నాడు. అయితే ముందు సీట్లో నీ పక్కన కూర్చుంటానని ఎక్కాను. ఎడమ పక్క సైకిల్, ఎడమ పక్క ఎడ్లబండి, ఎడమ పక్క గుంత అని దారంతా చెప్తూనే ఉన్నాను.

"నువ్వెప్పుడు కండక్టర్ అయినవే," అన్నాడు. నవ్వాడు గానీ, నేను చెప్పిన ప్రతిసారీ బండి పక్కకు తీశాడు.

ఊళ్లో బావగారింట్లో భోజనాలయ్యాయి. పొద్దు వాలాక అందరూ జమ్మి దగ్గరికి బయల్దేరారు. అమ్మాయి బావగారి పిల్లలతో ముందు పోయింది. నేను ఆయన్ని ఇంకో గట్టు మీదికి తీసుకుపోయాను. ఒక పక్క చెరుకు, ఒక పక్క కోసిన సోయా చేను, మధ్యలో కరెంటు తీగ. మనుషులెవరూ లేరు. అటూ ఇటూ బాగా చూసుకున్నాను. తీగ మీద ఈగ కూడా లేదు.

"అగో, పాలపిట్ట," అన్నాను, ఖాళీ తీగ వైపు వేలు పెట్టి.

ఆయన ముందు నా చేతి వైపు చూశాడు. తర్వాత చెయ్యి చూపిన వైపు తల తిప్పాడు. ఒక్క క్షణం ఆగాడు.

"ఆ," అన్నాడు. "కనపడ్డది. మంచిగుంది." రెండు చేతులూ జోడించి మొక్కాడు.

దొరికాడు. ఇన్ని రోజులు వెతికింది నా చేతికి చిక్కింది. సంతోషపడాల్సిన చోట నాకు ఏడుపొచ్చింది.

"అక్కడేం లేదు," అన్నాను.

ఆయన చేతులు అలాగే జోడించి ఉన్నాయి. కాసేపటికి దించాడు. గట్టు మీద కూర్చున్నాడు. నేను పక్కన కూర్చోబోయి, ఎందుకో తెలియకుండానే ఎదురుగా కూర్చున్నాను.

"చవితికి ముందే తెలిసింది," అన్నాడు. "రాత్రి పూట ఎదురుంగ వచ్చే లైట్లు పగిలిపోయినట్టు కనపడుతుంటే దవాఖానకు పోయిన. కంట్ల ఒత్తిడంట. పక్క చూపు పోయింది. పోయింది మల్ల రాదన్నడు డాక్టరు, ఉన్నది నిలవనీకి చుక్కలిచ్చిండు. ముందట ఉన్నది కనపడ్తది. పక్కకు ఉన్నది కనపడదు, ఎడమ దిక్కు మరీ. గొట్టంలకెల్లి చూసినట్టు ఉంటది."

"చుక్కలు ఏడున్నయి?"

"బండి పానల డబ్బాల."

జేబులన్నీ వెతికాను, సీటు కింద పనిముట్లు పెట్టే ఆ డబ్బా వెతకలేదు.

"బండి నడపొద్దన్నడా?"

"అన్నడు."

"ఎప్పుడు?"

"అప్పుడే."

నాకు ఒళ్లు మండిపోయింది. గొంతు పెంచకుండా మాట్లాడటానికి చాలా కష్టపడ్డాను. "పిల్లను ఎక్కించుకున్నవు. ఏడుగురిని ఎక్కించుకుని తిప్పినవు. వాళ్లకు ఇంటి కాడ ఎవలు లేరా?"

"అందుకే చీకటి గిరాకి బంద్ చేసిన. కన్ను మసకైన దినం ఎవల్ని ఎక్కించుకోలే. మెల్లగ పోతే ఏం కాదనుకున్న." కళ్లు నులుముకున్నాడు. "మేకను చూసినంక నాకే భయమైంది."

"ఎందుకు చెప్పలే?"

"చెప్తే బండి గుంజుకుంటవు. బండి లేకుంటే నేనేం చెయ్యాలె? నీ ముందట కూసుని ఆకు కత్తిరియ్యాల్నా?"

"కత్తిరియ్యి," అన్నాను. "వేళ్లకు తెలుస్తదని చెప్పిన గదా."

ఆయన గట్టు మీది గడ్డిపోచ ఒకటి తెంపి బొటనవేలితో తడిమాడు.

"మరి ఈ తిరుగుడంతా ఏంది?" అని అడిగాను. "నది, చెరువు, గాలి."

"కనపడేటప్పుడే చూద్దామని. ఇన్నేండ్లు ఈ రోడ్డు మీదనే తిరిగిన, రోడ్డు తప్ప ఏం చూడలే." తలెత్తి తిన్నగా నా ముఖం వైపు చూశాడు. "పక్కన కూసుంటే నువ్వు కనపడవు. ఎదురుంగ కూసుంటే మంచిగనే కనపడ్తవు."

అంతకంటే నన్ను కొట్టినా బాగుండేది. ఆ బాధలో కూడా నా నోరు ఊరుకోలేదు. "అయినా నాతోని అబద్ధమాడ్తివి. దసరా పూట, లేని పిట్టకు మొక్కితివి," అన్నాను.

"నువ్వు మొక్కలేదా?"

నేను కొంగు సర్దుకున్నాను.

"మొదటేడు పిట్ట తీగ మీద ఉండె," అన్నాడు. "అది ఎగిరిపోయినంక నువ్వు ఉత్త తీగకు మొక్కినవు. మరుసటేడు అది కింద చేనుల ఉంటే నువ్వు ఆకాశానికి మొక్కినవు. అప్పుడు నా కండ్లు మంచిగుండె. ప్రతి ఏడు పిట్ట కన్నా ముందు నిన్నే చూస్తుంటి, ఈసారన్నా కనపడ్తదేమో అని."

"మరి ఎన్నడు అనలే?"

"ఎందుకనాలె? నీకు కనపడలేదని నలుగురికి తెలుస్తే నీకు చిన్నతనం గదా."

పంతొమ్మిదేళ్లు. ఈయన నా అబద్ధాన్ని తన దగ్గర పెట్టుకుని, నా వైపు వేలెత్తకుండా పక్కన నిలబడ్డాడు. నేను ఈయన అబద్ధాన్ని పట్టుకోవడానికి ఖాళీ తీగను ఎరగా పెట్టాను. తలెత్తి ఆయన్ని చూడటానికి నాకు మొహం చెల్లలేదు. అందుకే పక్కకు, సోయా చేను వైపు చూశాను.

కోసిన మోళ్ల మధ్య ఒక మట్టిగడ్డ మీద, మట్టి రంగులోనే ఒక పిట్ట కూర్చుని ఉంది. తల పెద్దది, ముక్కు నల్లగా ఉంది. ఇలాంటిదాన్ని ఎన్నిసార్లు చూసి ఏదో పిట్ట అనుకుని వదిలేశానో. నేను కదిలినట్టుంది, అది లేచింది. రెక్కలు విప్పింది. ఆ రెక్కల్లో ఉన్న నీలం నేను ఏ చీర మీదా చూడలేదు. లేత నీలం ఒక పట్టీ, ముదురు నీలం ఒక పట్టీ. చెరుకు మీదుగా ఎగిరింది.

"అగో, పాలపిట్ట," అన్నాను. "నిజంగనే. అగో."

ఆయన తల తిప్పలేదు. "సాలు తియ్యి," అన్నాడు. "ఒక్కసారి దొరికిన గదా. మల్ల మల్ల పరీక్ష ఎందుకు?"

గడ్డం పట్టి ఆయన ముఖం అటు తిప్పాను. అప్పటికే పిట్ట చెరుకు అవతలికి పోయింది. అక్కడ ఉత్త ఆకాశం ఉంది.

"నీ మీదొట్టు, చూసిన."

"ఎట్లున్నది మరి?" అన్నాడు. ఆ అడగడంలో ఉన్నది అచ్చంగా నా అనుమానమే. పాలలో వేలు ముంచేటప్పటి నా గొంతే.

"కూసున్నప్పుడు ఏం లేదు, మట్టి లెక్కనే ఉన్నది. లేస్తే రెక్కలల్ల నీలం. రెండు తీర్ల నీలం, పట్టీలు పట్టీలుగ."

ఆయన నా ముఖంలోకి చాలాసేపు చూశాడు. తర్వాత చొక్కా జేబులో చెయ్యి పెట్టి ఆటో తాళంచెవి తీశాడు. పంతొమ్మిదేళ్లలో ఆ తాళంచెవి ఒక్కసారి కూడా నా చేతికి రాలేదు. నా అరచేతిలో పెట్టి వేళ్లు మూశాడు.

"అయితే ఈసారి చూసినవు," అన్నాడు.

జమ్మి దగ్గర అందరూ ఆకు పంచుకుంటున్నారు. ఎదురైనవాళ్లకు చేతిలో పెట్టి కౌగిలించుకుంటున్నారు. మా తోటికోడలు ఎడమ వైపు నుంచి వస్తుంటే, "వదిన వస్తున్నది," అని చెప్పాను. ఆయన ఆమె వైపు పూర్తిగా తిరిగి, వంగి దండం పెట్టాడు. ఆమె కోపం అక్కడే సగం పోయింది.

"పాలపిట్ట కనపడ్డదా?" అని అడిగింది, ఆకు చేతిలో పెడుతూ.

చుట్టూ బావగారు, పిల్లలు, ఊరివాళ్లు. మా అమ్మాయి కూడా అక్కడే ఉంది. నేను గబగబా, ఇద్దరికీ కలిపి కనపడ్డదని చెప్పబోయాను. అలవాటైన నోరు. ఆయన నా మణికట్టు పట్టుకుని ఆపాడు.

"నాకు కనపడలే వదినా," అన్నాడు, అందరికీ వినపడేలా. "ఈమెకు కనపడ్డది. ఈమెను అడుగుండ్రి, ఎట్లున్నదో చెప్తది."

అక్కడున్నవాళ్లెవరూ దసరా నాడు ఆ మాట ఎవరి నోటా విని ఉండరు. మా అమ్మాయి ఆయన వైపు చూసి, తర్వాత నా చేతిలో ఉన్న తాళంచెవి వైపు చూసింది. వదిన నా వైపు తిరిగింది. పంతొమ్మిదేళ్లు అలవోకగా వచ్చిన ఆ ఒక్క మాట, నిజమైన రోజున నాకు ఎంతకీ పెగల్లేదు. చివరికి, "మట్టి లెక్కనే ఉంటది," అని మొదలుపెట్టాను. ఆయన తిరిగి నాకు ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.